మధురవిషము – జలశౌచము

బొగ్గు భూగర్భంలో నిద్రించే అగ్ని. దానిని వెలికితీసే సింగరేణి సీమలో, రామగుండం–గోదావరిఖని ప్రాంతంలో, గ్రీష్మతాపం 45 డిగ్రీలను తాకడం పరిపాటి. అందుచేత వేసవికి ముందే కారులోని పాత కూలెంట్‌ను ఇంటిముంగిటనే తీసి క్రొత్తది నింపుకొనే గృహస్థులు ఉన్నారు. ఇది యంత్రానికి చేసే సేవయే. అయినను యమములలో మొదటిదైన అహింసకు, నియమములలో మొదటిదైన శౌచమునకు ఇందులో పరీక్ష ఉన్నది.

కూలెంట్ అనగా జలంలో కలిపిన ఎథిలీన్ గ్లైకాల్, దానితో లోహాన్ని తుప్పునుండి కాపాడే ద్రవ్యాలు. సగపాళ్ల మిశ్రమం సుమారు 107 డిగ్రీల వరకు మరగదు. బిగించిన మూత క్రింద పీడనంలో ఇంకను తాళుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గ్లైకాల్ నిలిచియున్నా రక్షకద్రవ్యాలు క్షీణిస్తాయి. ద్రవం ఆమ్లగుణం పొంది, తాను కాపాడవలసిన లోహాన్నే తినివేస్తుంది. వ్రతం జారిపోయినా వేషం నిలిచినట్లు, రంగు మాత్రం మిగిలియుండవచ్చును. కనుక రంగును నమ్మక, తయారీదారు పుస్తకంలో చెప్పిన గడువును పాటించాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారిన పిదపనే మూత తీయాలి. వేడిమీద తీసినచో మరుగుతున్న ద్రవం ముఖంపైకి చిమ్ముతుంది. ఓర్పు ఇక్కడ సద్గుణం మాత్రమే కాదు, రక్షణ కూడా. రేడియేటర్ అడుగున వెడల్పైన పళ్లెం ఉంచి డ్రైన్ ప్లగ్ విప్పాలి. అంతా జారిన తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో లోపల కడగాలి. బోరునీటిలోని లవణాలు పేరుకొని సన్నని మార్గాలను మూసివేస్తాయి. ఆ కడిగిన నీరు కూడా పళ్లెంలోనే పడాలి. పిదప ఆ కారుకు చెప్పిన రకపు కూలెంట్‌నే నింపి, లోపలి గాలి వెడలిన తరువాత మట్టం మరల చూడాలి.

అసలు ధర్మప్రశ్న పళ్లెంలో మిగిలిన దానిదే. ఎథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యన. కుక్క నాకుతుంది, దూడ త్రాగుతుంది, పసివాడు వేలు ముంచుతాడు. మొదట మత్తువలె తోస్తుంది; శరీరంలో అది ఆక్జాలిక్ ఆమ్లంగా మారి, స్ఫటికాలై మూత్రపిండాలను చెరుపుతుంది. ఆరంభంలో అమృతమై పరిణామంలో విషమయ్యే సుఖాన్ని గీత పదునెనిమిదవ అధ్యాయం రాజసమన్నది. మనుష్యునికి ఆ హెచ్చరిక శాస్త్రం చేసింది. నోరులేని దూడకు చేసేదెవరు? పళ్లెం పట్టినవాడే చేయాలి.

వీధికాలువలో పోస్తే కనబడకుండా పోవును గాని లేకుండా పోదు. ఆ కాలువ వాలు గోదావరి వైపే. నీటిలో మలమూత్రాలు విడువరాదని, ఉమ్మివేయరాదని తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న విధించింది. ఉమ్మికే నిషేధమున్నచోట విషానికి అనుమతి ఎక్కడిది? పుష్కరస్నానం చేసిన చేయి ఆ నదిలోకే దీనిని వదలుట తగునా?

హాలాహలాన్ని పరమేశ్వరుడు మ్రింగలేదు, లోకంపై ఉమియలేదు, కంఠంలో నిలిపాడు. గృహస్థునికి ఆ కంఠం ఒక బిరడా గల డబ్బా. పాత కూలెంట్‌ను అందులో పోసి, విషమని పెద్ద అక్షరాలతో వ్రాసి, పిల్లలకు అందనిచోట ఉంచి, వాడిన ద్రవాలను స్వీకరించే వర్క్‌షాపుకు అప్పగించాలి. అట్టి చోటు దొరికేవరకు డబ్బా ఇంటనే ఉండుగాక. నేలపై చిందినదానిని ఇసుకతో అద్ది, ఆ ఇసుకను సంచిలో కట్టాలి. ఎవరును చూడనివేళ పాటించిన ఈ చిన్న విధియే శౌచమునకు నిజమైన ప్రమాణం.