తలకాయ ఎవరికి?

మా ఇంట్లో పులస తలకాయ తాతయ్యది. ఆయన ఊళ్ళో లేకపోతే పెదనాన్నది, ఆయనా లేకపోతే ఇంటికొచ్చిన అల్లుడిది. పిల్లలకి ముళ్ళు ఏరిపెట్టిన నడిమి ముక్కలు, జన. మామ్మకి తోక. వరదనీటికి ఎదురీదుతూ ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చే చేపని బెండకాయలేసి మట్టిదాకలో వండేవారు. తినడం మర్నాడే. తాతయ్య ముందు దవడ కండ ఊడదీసేవాడు, తర్వాత కంటిగుంట చుట్టూ ఉన్న జిగురు, ఆఖర్న పుర్రెలో గుజ్జు. మిగిలిన ఎముకని మళ్ళీ పులుసులో ముంచి జుర్రేవాడు. చైనాలో పండగ చేపని తలా తోకా ఉంచే వండి, తల పెద్దవాళ్ళ వైపు తిరిగేలా పెడతారని పెద్దయ్యాక చదివినప్పుడు నాకేం వింత అనిపించలేదు.

మేనత్త కొడుకు మాత్రం ఆ కన్ను చూస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. బావ విజయవాడలో పెరిగాడు. వాళ్ళింటికి చేప బజార్లోనే కోయించిన ముక్కలుగా వచ్చేది. మా పెరట్లోనేమో కొర్రమీను బూడిదలో పొర్లుతూనే ఉండేది, మామ్మ కత్తిపీట వాల్చేదాకా. చంపింది కంటికి కనపడకూడదన్నది వాళ్ళింటి మర్యాద. చంపాక ఏదీ పారెయ్యకూడదన్నది మాది. ఇప్పుడు బావ అమెరికాలో ఉన్నాడు. తోలు కూడా ఒలిచేసిన తెల్లటి ముక్కలు అట్టపెట్టెల్లో దొరుకుతాయట, ప్రాణం హాయిగా ఉందట.

అలాగని మేం అన్ని తలల్నీ నెత్తిన పెట్టుకోలేదు. ఎండు నెత్తళ్ళ తలలు గిల్లి పారెయ్యడం పిల్లల పనే. చేట ముందేసుకుని అరుగు మీద కూచుంటే కోళ్ళు మూగేవి. నెత్తళ్ళ తలల్లో ఇసకుంటుందనేది మామ్మ. అసలు కారణం అంత చిన్న తలలో జుర్రడానికేమీ ఉండకపోవడమే అని నా అనుమానం.

బావకి ఉబ్బసం. ఒక ఏడు మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్ళి బత్తిని వారి చేపమందు వేయించారు. నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లని, కదులుతుండగానే, నమలకుండా మింగాలి. డాక్టర్లు దాన్ని మందని ఒప్పుకోరు, అది వేరే సంగతి. చేప ముట్టనివాళ్ళకి బెల్లంలో పెట్టిస్తారు. బావ బెల్లమే కావాలని ఏడిచాడట. మేనత్త ముక్కు మూసి చేపనే దింపేసింది. కళ్ళూ తోకా అన్నిటితోనూ.

ఆ దీపావళికి వాళ్ళు మా ఊరొచ్చారు. తూర్పుగాలి తిరిగి యానాం, భైరవపాలెం వైపు గోదారి మొగల్లో చీరమేను పడే రోజులు. పల్చటి గుడ్డతో ఎత్తుతారు దాన్ని. ఒక్కొక్కటీ అంగుళం కూడా ఉండదు, ఒళ్ళంతా తెల్లగా, తల దగ్గర రెండు నల్లచుక్కలు. కాటాలో తూచరు, సేరుతోనో గ్లాసుతోనో కొలిచి పోస్తారు. పొలుసు గీకే పని లేదు, పొట్ట చీల్చే పని లేదు. మామ్మ నాలుగు నీళ్ళలో జాడించి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలతో పప్పురుబ్బులో కలిపి గారెలేసింది. బావ ఆవురావురుమంటూ తిని ఇంకో రెండు పెట్టమన్నాడు. చేపలేనని తెలుసు వాడికి. ఒక్కో గారెలో ఎన్ని కళ్ళున్నాయో చెబుదామని నేను నోరు తెరిచేసరికి మామ్మ నా కాలు తొక్కింది.

"ఊరుకోవే, ఎల్లుండి నించి కార్తీకం. ఇవి మిగిలితే ఎవరు తింటారు?"