వేమూరులో మళ్ళీ కృష్ణరాయబారం

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కితే జంపని దాటాక వేమూరు. శివరాత్రినాటి సాయంత్రం ఆ స్టేషనులో నాతోబాటు, హార్మోనియం పెట్టె చంకన పెట్టుకున్న ముసలాయన ఒకరు దిగారు. ఆయన్ను చూడగానే ప్రాణం కుదుటపడింది. నాటకం తప్పకుండా ఉన్నదన్నమాట!

సంగతేమిటంటే, వారం కిందట మా మామయ్య ఫోను చేశాడు. "అల్లుడూ, మన పాత సమాజం వాళ్ళు మళ్ళీ కలుస్తున్నారు. ఈసారి రాకపోయావో, ఇక చూడలేవు" అన్నాడు. ఆ సమాజం విడిపోయి ఇరవయ్యేళ్ళ పైమాటే. కరపత్రంలో కృష్ణుడు వేసేవాడి పేరు పెద్ద అచ్చులో ఉండాలా, దుర్యోధనుడు వేసేవాడిదా అన్నది తగాదా. వినేవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది గాని, ఆనాటినుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకే బస్సెక్కవలసివస్తే ఒకరు ముందు తలుపు దగ్గర, ఒకరు వెనక తలుపు దగ్గర నిలబడేవారట.

వేమూరు 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరింది గాని, మామయ్య నోట ఇప్పటికీ గుంటూరు జిల్లాయే. ఆయనకు ఊరి గొప్ప చెప్పాలంటే పొలాలూ కాలవలూ అక్కరలేదు, వేమూరి గగ్గయ్య ఒక్కడు చాలు. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1933లో "సావిత్రి" చిత్రంలో యముడుగా, 1935లో "శ్రీకృష్ణలీలలు"లో కంసుడుగా గర్జించిన మనిషి. "మైకు లేకుండా పాడినవాళ్ళురా వాళ్ళు! ఇప్పుడు మైకు నోట్లో పెట్టుకున్నా వినపడదు" అని మామయ్య విసుక్కున్నాడు. పక్కనే తెనాలిలో రామవిలాస సభ, బాపట్లలో పుట్టి ఆ సభలో వెలిగిన స్థానం నరసింహారావు ఆడవేషాలు - ఆ గాలి పీల్చిన నేలకు పద్యం కొత్తగా నేర్పవలసిన పని లేదు.

కోత కోసిన చేలో స్టేజి కట్టారు. చాపల స్థానే ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. చలి శివశివా అంటూ పోవలసిన రోజే గాని, పోయేముందు ఒక్కసారి అందర్నీ పలకరించి పోదామనుకున్నది కాబోలు, పెద్దవాళ్ళంతా చెవులకు మఫ్లర్లు చుట్టుకున్నారు. కరపత్రం చేతికిస్తే చూశాను. పాత్రల పేర్లు తప్ప నటుల పేర్లు ఒక్కటీ లేవు! నిర్వాహకుల తెలివికి మెచ్చుకోక తప్పలేదు.

నాటకం తిరుపతి వెంకటకవులది. ఆ జంటలో తిరుపతిశాస్త్రిగారు 1920లోనే పోయినా, 1950 దాకా బతికిన వెంకటశాస్త్రిగారు తన రచనలకు జంటపేరే పెట్టుకున్నారు. అలాంటివాళ్ళ పద్యాలు పాడేవాళ్ళు అక్షరాల సైజు కోసం విడిపోవటమేమిటో!

మావైపు రాయబారానికి ఒక్క కృష్ణుడితో తెమలదు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. పడకసీను మన పాత కృష్ణుడిదే. తెర లేచేసరికి ఆయన పాన్పుమీద ఉన్నాడు. డెబ్బయి దాటిన మనిషి, రంగు కింద ముడతలు దాగటంలేదు. దుర్యోధనుడు వచ్చి తలవైపు ఆసనం మీద కూచున్నాడు. తరవాత అర్జునుడు వచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కృష్ణుడు లేచి, అర్జునుణ్ణి చూసి, క్షేమమడుగుతూ పద్యమెత్తాడు. పై స్థాయిలో గొంతు చీలింది. హార్మోనియం ముసలాయన చల్లగా శ్రుతి దించేశాడు. కుర్రాళ్ళలో ఒకడు నవ్వాడు. మామయ్య వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఆ నవ్వు మళ్ళీ వినిపించలేదు.

తరవాతి పద్యం దుర్యోధనుడికి. బావను పలకరించి, ఎప్పుడు వచ్చాడో, తనవాళ్ళంతా సుఖంగా ఉన్నారో లేదో అడగాలి. మా వైపు పిల్లలకు కూడా నోటికి వచ్చిన పద్యం. కృష్ణుడు అటు తిరిగాడు. తిరిగి, నోరు తెరవలేదు. హార్మోనియం ఒక్క స్వరం మీదే నిలిచింది. చేలో ఉన్న జనానికంతా ఆ మౌనం ఎందుకో తెలుసు. "మర్చిపోయాడా?" అన్నాను. "నోరుముయ్యి" అన్నాడు మామయ్య.

అప్పుడు దుర్యోధనుడు, వేషానికి విరుద్ధంగా, ఆసనం మీదనుంచి లేచి నిలబడ్డాడు. కృష్ణుడు పద్యమెత్తాడు. గొంతులో జీర పోలేదు, రాగం సాగలేదు, ఉన్నంతలోనే మాట మాటా విడమరచి అడిగాడు, నిజంగా ఇంటివాళ్ళ క్షేమమే అడుగుతున్నట్టు. వన్స్‌మోర్ అని కేక పడింది. రెండోసారి ఇంకా మెల్లగా పాడాడు. దుర్యోధనుడు జవాబు చెప్పవలసిన చోట కిరీటం సర్దుకుంటూ కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. మామయ్య మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు. చలికి అనుకున్నానని చెబితే అబద్ధమే అవుతుంది.

తెల్లవారుజామున హార్మోనియం ఆయనకు టీ ఇద్దామని స్టేజి వెనక్కి వెళ్ళాను. లోపల రెండు గొంతులు పోట్లాడుకుంటున్నాయి.

"నేను పాడుతుండగా నువ్వెందుకు లేచావు? దుర్యోధనుడు లేస్తాడా?"

"లేవకపోతే నువ్వు తెల్లారిందాకా అట్లాగే నిలబడేవాడివి!"

ముసలాయన నాకేసి చూసి కన్నుగీటి, టీ గ్లాసు అందుకున్నారు.