మచ్చమ్మతో పదహారు నెలలు

కుక్కను పెంచుతున్నామని ఎవరైనా చెబితే అది ఏ జాతిదని అడుగుతాం. పిల్లిని పెంచుతున్నామంటే ఎందుకని అడుగుతాం. రూర్కెలాలోని మా క్వార్టరుకు వచ్చిన బంధుమిత్రులలో ఈ రెండవ ప్రశ్న వేయనివారు లేరు. పైగా మేము చేరదీసినది పిల్లికూన కాదు. వీధిలోనే పుట్టి, వీధిలోనే పెరిగి, మూడేళ్ళ వయస్సు వచ్చేవరకు మనిషి చేయి సోకని పెద్ద పిల్లి. తెలుపు, నలుపు, గోధుమ రంగు మచ్చలు కలగలసి ఉండడం చేత దానికి మచ్చమ్మ అని పేరు పెట్టాం. ఈ మూడు రంగులూ ఒకే పిల్లి ఒంటిపై కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే అయి ఉంటుందని పశువైద్యులు చెప్పగా విన్నాం.

వీధిలో కనిపించే పిల్లులన్నీ ఒక్కటే అనుకుంటాం గాని వాటిలో రెండు తెగలున్నాయి. ఒకనాడు ఎవరి ఇంట్లోనో పెరిగి, తరువాత దిక్కులేనిదైన పిల్లి ఒకటి. అది నాలుగు రోజులు బెదిరినా తిరిగి మనిషి దగ్గరకు వస్తుంది. మనిషినే ఎరుగక పెరిగిన పిల్లి రెండవది. పిల్లికూనకు రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు మనుషులను తనవారిగా ఎంచుకునే కాలమని 1980లలో అమెరికాలో ఐలీన్ కార్ష్ జరిపిన పరిశోధనల్లో తేలింది. ఆ కొద్ది వారాలు దాటిపోయాక మనిషి దాని కంటికి ఒక పెద్ద జంతువు మాత్రమే. మచ్చమ్మ ఈ రెండవ తెగది.

అందుకే ఒక మాట ముందుగానే చెప్పడం మంచిది. ఇటువంటి పెద్ద పిల్లిని ఇంటికి తెచ్చి మచ్చిక చేయమని మేము ఎవరికీ సలహా ఇవ్వం. సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, పుట్టి పెరిగిన చోటనే వదిలి ఇంత తిండి పెట్టడమే దానికి మేలు. మేమూ అదే చేసి ఉండేవాళ్ళం. కానీ మచ్చమ్మకు ఆ చోటే లేకుండా పోతున్నది. మా వరుస వెనుకనున్న పాత గారేజీలు శిథిలమైపోగా, 2022 వానకాలం వెళ్ళగానే వాటిని పడగొట్టడానికి నిర్ణయం జరిగింది. పిల్లులను గోనెసంచిలో వేసి బ్రాహ్మణీ నది అవతల వదిలేద్దామని కొందరు అన్నారు. తిండి ఎక్కడో, నీరు ఎక్కడో, దాగే చోటు ఎక్కడో తెలియని కొత్త నేలపై పెద్ద పిల్లి నిలదొక్కుకోవడం చాలా కష్టం. మిగిలిన రెండు గండుపిల్లులు తమంత తామే పక్క సెక్టారుకు వలసపోయాయి. ఇది మాత్రం మా పెరటి గోడ విడిచిపోలేదు.

మాకు మరొక గడువు కూడా ఉన్నది. మా ఇద్దరిలో ఒకరికి 2024 జనవరి నెలాఖరున పదవీ విరమణ. ఆ తరువాత క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం చేరుకోవాలి. అంటే పదహారు నెలలలో ఈ పిల్లి తనంత తానుగా బుట్టలోకి ఎక్కే స్థితికి రావాలి. లేనిపక్షంలో గూడు పోయిన పిల్లిని, తిండి పెట్టే చేయి కూడా పోయిన చోట వదిలి వెళ్ళవలసి వస్తుంది.

జంతువుల సేవ చేసే యువకుల వద్ద బోను అరువు తెచ్చి, చేప ముక్క ఎర వేసి పట్టించాం. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు, రేబీస్ టీకా వేశారు, ఆపరేషన్ అయినదనడానికి గుర్తుగా ఎడమ చెవి కొసను కాస్త కత్తిరించారు. డాక్టరుగారు బోను మీద దుప్పటి కప్పి మాకు అప్పగిస్తూ, “ఇల్లంతా ఇవ్వకండి. ఒక చిన్న గది ఇవ్వండి. మీరు ప్రేమించినకొద్దీ అది భయపడుతుంది, కొంతకాలం దానిని పట్టించుకోకండి” అన్నారు. ప్రేమించవద్దన్న సలహా మేము వైద్యుని నోట వినడం అదే ప్రథమం.

వంటింటి పక్కనున్న సామాన్ల గదిని ఖాళీ చేసి, ఒక అట్టపెట్టెకు రెండు వైపులా ద్వారాలు కోసి, పాత నేత చీర మడిచి అందులో పరిచాం. దాగే చోటు లేని పిల్లి గోడలెక్కుతుంది. దాగే చోటున్న పిల్లి అందులో కూర్చుని మనలను పరిశీలిస్తుంది. ఒక మూల ఇసుక తట్ట, దానికి దూరంగా తిండి, నీరు. ఇసుక విషయంలో మాకు ఏ శిక్షణా ఇవ్వవలసిన అవసరం రాలేదు. మట్టి తవ్వి కప్పిపెట్టడం దాని పుట్టుబుద్ధి.

తిండి దగ్గర మాత్రం మా ఇంట పెద్ద చర్చ జరిగింది. మాది శాకాహార కుటుంబం. పెరుగన్నం తిని బతకదా అని మొదట మాలో ఒకరి వాదం. బతకదని డాక్టరుగారు తేల్చారు. టారిన్ అనే పదార్థం పిల్లి శరీరం తనకు చాలినంతగా తయారుచేసుకోలేదు, అది మాంసంలో, చేపలో మాత్రమే చాలినంత దొరుకుతుంది, లోపిస్తే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. ఇక పాలంటారా, పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగవు. ఆ విధంగా మా పెరటి వరండాలో ఒక ప్రత్యేకమైన స్టవ్వు, ఒక ప్రత్యేకమైన గిన్నె వెలిశాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కోడి మాంసం, ముల్లు తీసిన చేప ఉడికించడం మా ఇద్దరికీ వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురును పాడుచేస్తాయి. పారాసిటమాల్ మాత్ర ముక్క దాని ప్రాణమే తీస్తుంది. పిల్లి ఉన్న ప్రతి ఇంట తెలిసి ఉండవలసిన సంగతులివి.

మొదటి మూడు వారాలు మచ్చమ్మ మాకు రెండు కళ్ళుగా మాత్రమే కనిపించింది. మేము గదిలో ఉండగా ఒక్క మెతుకు ముట్టేది కాదు. తలుపు వేశాక గిన్నె చప్పుడు వినిపించేది. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఆ రోజుల్లో మాకు తరచు గుర్తుకు వచ్చింది. మరిగే పాలలో మూతి పెట్టి కాల్చుకున్న ఆ పిల్లి, తరువాత పాల గిన్నెను చూస్తేనే పరుగు తీసిందట. రాయలవారి సభ అంతా నవ్వింది. చిన్ననాటి నుంచి మనమూ నవ్వుతూనే ఉన్నాం. ఆ పిల్లి వైపు నుంచి కథ చెప్పినవారు లేరు. ఒక్క కాలిన అనుభవం చెరగడానికి ఎన్ని చల్లని గిన్నెలు కావాలో ఆ కథలో లేదు. మేము దానిని లెక్కపెట్టవలసి వచ్చింది.

మాలో ఒకరు ముప్పై ఏళ్ళకు పైగా కోక్ ఓవెన్ల మధ్య పనిచేసినవారు. కొత్తగా కట్టిన బ్యాటరీని వేడెక్కించడం ఎటువంటి పనో ఆ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. సిలికా ఇటుక మొదటి కొన్ని వందల డిగ్రీలలోనే ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అక్కడ తొందరపడితే గోడ పగులుతుంది. అందుచేత రోజుకు కొద్ది డిగ్రీల చొప్పున, రెండు మూడు నెలలు, రాత్రింబవళ్ళు లెక్క రాసుకుంటూ వేడి పెంచుతారు. మచ్చమ్మకూ అటువంటి పట్టికే ఒకటి తయారుచేశాం. గది నేల మొజాయిక్ పలకలే మా కొలత. మొదటి వారం పీట తలుపు దగ్గర. పిల్లి చెవులు వెనక్కు వాల్చకుండా, ఒళ్ళు ముడుచుకోకుండా వరుసగా మూడు రోజులు ఉంటేనే పీట ఒక పలక ముందుకు. చెవి వాలిందా, పలక వెనక్కు.

పీట మీద చేసే పని ఏమీ లేదు. ఉదయం ఆరింటికి ఏ-షిఫ్టు మొదలైనప్పుడు ఒకరు, సాయంత్రం ఒకరు, అరగంట చొప్పున కూర్చుని దినపత్రిక పైకి చదివేవాళ్ళం. సంపాదకీయాలు మచ్చమ్మకు ఎక్కువ నచ్చేవని మా అనుమానం. వాటిలో గొంతు పెంచవలసిన అవసరం రాదు. సూటిగా కళ్ళలోకి చూడడం పిల్లుల లోకంలో కయ్యానికి పిలుపు. కళ్ళు సగం మూసి, నెమ్మదిగా తెరవడం స్నేహసూచన. 2020లో ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల వారు దీనిని పరీక్షించి, అలా రెప్పలు వాల్చిన మనిషికి పిల్లి కూడా రెప్పలు వాల్చి జవాబిస్తుందని, అతని దగ్గరకు రావడానికి ఎక్కువ సుముఖత చూపుతుందని ప్రకటించారు. మచ్చమ్మ తొలి జవాబు మాకు ఇరవై ఆరవ రోజున వచ్చింది. ఉత్తరం వచ్చినంత సంతోషించాం.

అక్టోబరు 24న దీపావళి. తలుపుల సందులలో గుడ్డలు కుక్కి, పాటలు పెట్టినా టపాకాయల మోత ఆగుతుందా? తొమ్మిది రోజులు పెట్టె విడిచి బయటికి రాలేదు. పీట మళ్ళీ తలుపు దగ్గరకు వచ్చింది.

డిసెంబరు నాటికి మా ఎదుట తినసాగింది. పొడవాటి గరిటె చివర ఉడికిన కోడిముక్క పెట్టి అందించేవాళ్ళం. గరిటె పోయి చెంచా వచ్చింది. ఆ తరువాత కర్రకు మెత్తని గుడ్డ చుట్టి చెంప మీద తాకించాం. సంక్రాంతి వెళ్ళిన వారంలో మా వేలి కొనను వాసన చూసి, తన చెంపను దానికి ఒకసారి రాసింది. పిల్లి అలా రాయడమంటే తన వాసన మనకు పూసి, మనలను తనవాళ్ళ లెక్కలో రాసుకోవడమట. ఆ సాయంత్రం ఆ చేత్తో భోజనం చేయడానికి కడుక్కోవలసి వచ్చినందుకు మాలో ఒకరు కొంత విచారించిన మాట వాస్తవం.

ఫిబ్రవరిలో అసలైన పరీక్ష వచ్చింది. మా అమ్మాయికి ఏడవ నెల. మే నెలలో పురుడు, మా ఇంటనే. వియ్యపురాలిగారి ఫోను: “వదినగారూ, పురిటింట్లో పిల్లేమిటండీ? అంతగా ముచ్చటైతే తరువాత తెచ్చుకోవచ్చుగా!” ఆమె భయం కేవలం మూఢనమ్మకం కాదు. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణికి, ఆమె నుంచి శిశువుకు సంక్రమించే అవకాశం ఉన్నది. అమ్మాయినే తీసుకుని స్త్రీవైద్య నిపుణురాలి వద్దకు వెళ్ళాం. ఆమె మా మాట శాంతంగా విని, రక్తపరీక్ష చేయించి ఇలా చెప్పారు: సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోట మట్టి వల్ల కూడా ఇది వస్తుంది. పిల్లి మలంలోని క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది గనుక తట్ట ప్రతిదినం శుభ్రం చేయండి. అమ్మాయి మాత్రం తట్ట ముట్టకూడదు. పిల్లిని బయట వేటాడనివ్వకండి, పచ్చి మాంసం పెట్టకండి. ఈ జాగ్రత్తలు పాటిస్తే పిల్లిని వెళ్ళగొట్టనక్కరలేదు.

ఈ మాటలతో వియ్యపురాలిగారు సగమే సమాధానపడ్డారు. మిగిలిన సగం మా పక్కింటి బెంగాలీ పెద్దావిడ వల్ల సాధ్యమైంది. పిల్లల్ని కాపాడే షష్ఠీదేవికి పిల్లే వాహనమని, పురిటింట పిల్లి ఉంటే అమ్మవారే వచ్చి కూర్చున్నట్లని ఆమె ఫోనులో హిందీలో అరగంట సేపు వివరించారు. రెండు వైపుల శాస్త్రాలూ మాకు అనుకూలంగా పలికిన అరుదైన సందర్భమది. మే నెలలో మనవరాలు పుట్టింది. పసిబిడ్డ గదిలోకి మాత్రం మచ్చమ్మను రానివ్వలేదు. ఊయల తాడు కదలిక దానికి ఎంత ఆకర్షణీయమో మాకు తెలుసు.

జూలైలో గోడలకు సున్నం వేయడానికి వచ్చినవారు తెలియక ఆ గది తలుపు బార్లా తెరిచారు. బెదిరిన పిల్లి దాటిపోతూ మాలో ఒకరి ముంజేతిని గీరింది. టీకా వేసిన పిల్లే. అయినా గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాం. మొదటి రోజు, తరువాత మూడవ, ఏడవ, ఇరవై ఎనిమిదవ రోజులలో సూదులు వేయించుకున్నాం. పిల్లి గోరే కదా అని ఊరుకోవడం మన దేశంలో తగదు. పారిపోయిన మచ్చమ్మ ఎక్కడికి పోయిందని వీధులన్నీ వెతికి, చీకటి పడ్డాక అలసి ఇంటికి వస్తే, అది తన అట్టపెట్టెలోనే ఉన్నది. ఎవరూ చూడని వేళ పెరటి తలుపు గుండా వచ్చి పడుకున్నది. ఇది తన ఇల్లని అది నిర్ణయించుకున్నట్లు ఆ రాత్రి గ్రహించాం.

ఇక మిగిలినది బుట్ట. మార్జాల కిశోర న్యాయమని వైష్ణవ పెద్దలు చెబుతారు: కూన ఏ ప్రయత్నమూ చేయకుండా తల్లికి తనను అప్పగించుకుంటుంది, తల్లి మెడ పట్టి మోసుకుపోతుంది. పెద్ద పిల్లి వద్ద ఈ న్యాయం పనిచేయదు. మెడ పట్టామా, పదకొండు నెలల పలకలన్నీ వృథా. మూత తీసేసిన బుట్టను గదిలో పెట్టి, ఆగస్టు నుంచి తిండి అందులోనే పెట్టాం. నవంబరులో మూత తగిలించాం. డిసెంబరులో ఒక నిమిషం మూసి తెరిచాం, ఆ తరువాత ఐదు నిమిషాలు. జనవరిలో బుట్టతో సహా కారులో కాలనీ చుట్టూ తిప్పాం. వీధి చివరి దాకా అరిచింది, మలుపు తిరిగాక మానుకుంది.

2024 ఫిబ్రవరిలో తెల్లవారుజామున బయలుదేరి, ఒక పగలంతా ప్రయాణించి విజయనగరం చేరాం. కొత్త ఇంట ఐదు వారాలు గడప దాటనివ్వలేదు. అంత తొందరగా వదిలితే పాత ఇంటిని వెతుక్కుంటూ దారి తప్పే ప్రమాదం ఉన్నది. పాత అట్టపెట్టెను, ఉతకని ఆ నేత చీరను వెంట తెచ్చాం. మొదటి రెండు రోజులు వాటిలోనే గడిపింది.

మచ్చమ్మ ఒడిలో కూర్చోదు, ఎత్తుకోనివ్వదు. కొత్తవారు వస్తే బీరువా పైకెక్కుతుంది. సాయంత్రం పత్రిక చదివే వేళకు మాత్రం వచ్చి, జానెడు దూరంలో, మాకు వీపు పెట్టి కూర్చుంటుంది. మనవరాలు వచ్చినప్పుడు ఆ జానెడు రెండు గజాలవుతుంది. ఏటా వేయించే టీకా గడువు వచ్చే నెలలో ఉన్నది. బుట్టను దులిపి, ఆ చీర పరిచి, మూత తీసి వరండాలో పెట్టాం. రెండు రోజులు చుట్టూ తిరిగి చూసింది. నిన్న రాత్రి నుంచి అందులోనే పడుకుంటున్నది.