అన్నం పెట్టే చెట్టు

హొనొలులుకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు నేను ముందుగా చూపించేది ఉలు చెట్టు. మన సీమపనస. పనసకు దగ్గరి చుట్టం. కాయ కిలో నుంచి మూడు కిలోల దాకా తూగుతుంది. ఇక్కడి రకంలో గింజలుండవు, తొనలుండవు, లోపలంతా పిండే. పండు అని పేరేగానీ, హవాయి వాళ్ల పూర్వీకులకు ఇది కడుపు నింపిన తిండి.

గింజ లేదు కాబట్టి వేరు మీద లేచిన పిలకలతో చెట్టును పెంచుతారు. పాలినేషియా నావికులు ఆ పిలకలను ఉప్పునీటి నుంచి కాపాడుకుంటూ, పడవల్లో సముద్రం దాటించి ఈ దీవులకు తెచ్చారు. కరువులో ఆలుబిడ్డలు ఆకలితో అలమటిస్తుంటే చూడలేక కూ అనే దేవుడు భూమిలోకి దిగిపోయి, ఈ చెట్టై మొలిచాడని ఇక్కడి కథ. ఇక్కడి కోన ప్రాంతపు కొండవాలు మీద ఒకప్పుడు మైళ్ల పొడవునా ఉలు తోపులే ఉండేవి.

ఈ చెట్టు చరిత్రలో చేదూ ఉంది. కరీబియన్ తోటల్లో బానిసలకు చవకగా తిండి పెట్టాలని బ్రిటిష్ వాళ్లు తహితి నుంచి మొక్కలు తెప్పించబోయారు. 1789లో ఆ మొక్కలతో బయల్దేరిన బౌంటీ ఓడ నావికులు తిరగబడి వాటిని సముద్రంలో పారేశారు. 1793లో బౌంటీ కెప్టెన్ బ్లై మరో ఓడలో మళ్లీ తెచ్చి జమైకా చేర్చాడు. ఇప్పుడు జమైకా వాళ్లు నిప్పుల మీద కాల్చిన సీమపనసను ఇష్టంగా తింటారు.

మరి హవాయిలో? తినే తిండిలో ఎక్కువ భాగం ఓడల్లో దిగుమతి అవుతోంది. పెరట్లో ఉలు రాలిపోతుంటే, దుకాణంలో బంగాళాదుంపలు కొంటున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే. ఓడలు ఆగితే ఈ దీవులు ఏం తినాలి? 2016లో రైతులు ఉలు సహకార సంఘం పెట్టుకుని, కాయను ఉడికించి, గడ్డకట్టించి అమ్ముతున్నారు. కోసిన కాయ రెండు మూడు రోజుల్లోనే మెత్తబడిపోతుంది కాబట్టి ఇది మంచి ఉపాయం.

వండడం మనకెవరూ నేర్పక్కర్లేదు. పనస కోసిన చేతులే కదా! తొక్క మీద పాలు కారి గోధుమరంగు చారలు కట్టిన కాయ కూరకు సరైనది. చేతికీ కత్తికీ నూనె రాసుకుని నాలుగు చెక్కలు చేసి, ఆవిరి మీద ఉడికించాలి. చల్లారాక తొక్కా నడిమి బొడ్డూ తీసేసి ముక్కలు కోయాలి. ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో ఆ ముక్కలు వేసి, చింతపండు పులుసు పోసి మగ్గనిచ్చి, దించాక నూరిన ఆవ కలపాలి. పనసపొట్టు కూర తిన్న నాలుక దీన్ని వెంటనే గుర్తుపడుతుంది. పలుచగా తరిగితే కరకరలాడే వేపుడవుతుంది. మెత్తగా పండితే తియ్యగా ఉంటుంది, కొబ్బరిపాలతో పాయసం చేయొచ్చు.

నాటిన మూడు నుంచి ఐదేళ్లలో కాపుకొస్తుంది, దశాబ్దాలు కాస్తుంది. చలి మాత్రం ఓర్చుకోదు. హవాయిలోనో, ఫిజీలోనో, మారిషస్‌లోనో, మరే వెచ్చని దీవిలోనో ఉంటున్న తెలుగువారికి నా మనవి ఒక్కటే: పెరడుంటే ఒక సీమపనస నాటండి. లేకుంటే ఈ వారం బంగాళాదుంప మానేసి, స్థానిక రైతు దగ్గర ఒక కాయ కొనండి. మనకు నీడనిచ్చిన నేల పండించే తిండి తినడం ఆ నేల పట్ల మన కనీస మర్యాద.