బస్సులో షఫుల్

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి తన పాత ఫోను నాకిచ్చి పోయాడు. "మామా, మెమరీ కార్డు తీయలేదు. పాటలున్నయి, వినుకో" అన్నాడు. చూస్తే నాలుగు వందల పైనే ఉన్నాయి. ఒక్కటీ సినిమా పాట కాదు.

నేనుండేది ఉట్నూరులో. బడి ఇంద్రవెల్లి దాటినాక లోపలికి ఉన్న గూడెంలో. పొద్దున బస్సు, దిగాక ఆటో, ఆటో దొరక్కపోతే నడక. టేకు చెట్లు మొదలయ్యేసరికి సిగ్నల్ పోతుంది. ఇక ఫోనులో ఉన్నదే దిక్కు. షఫుల్ నొక్కి కిటికీ పక్కన కూర్చుంటాను.

మొదటి వారం తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. పాట మొదలైందనుకునేలోగా అయిపోయేది. వాటిని పంక్ అంటారని అల్లుడే చెప్పాడు. 1970ల మధ్యలో న్యూయార్కులో, లండన్‌లో చేతిలో పైసలు లేని పిల్లలు మొదలుపెట్టిన పాట. గిటారు మీద మూడు రకాలుగా వేళ్ళు పెట్టడం వస్తే చాలు, స్టేజీ ఎక్కడమే. రామోన్స్ అనే బృందం 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలు. అన్నీ కలిపినా అరగంట లేదు. ఆ బృందంలో నలుగురు. ఒక్క తల్లి పిల్లలు కారు, చుట్టాలూ కారు. అయినా నలుగురూ 'రామోన్' అని ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు. ఇది విని నాకు నవ్వొచ్చింది. మనలో ఒకే సగకు చెందినవాళ్ళు ఎక్కడ ఎదురుపడ్డా అన్నదమ్ములే కదా. ఆ అమెరికా పిల్లలు సగ పెట్టుకున్నారన్న మాట, దేవుడు లేకుండా.

ఒకరోజు బస్సు ఇంద్రవెల్లిలో ఆగింది. సోమవారం, సంత రోజు. జనం ఎక్కుతున్నారు. అప్పుడే లండన్ బృందం క్లాష్ వాళ్ళ పాట వచ్చింది, పోలీసులూ దొంగలూ అని. నిజానికది జమైకాలో జూనియర్ మర్విన్ పాడిన పాట. 1977లో వీళ్ళు తమ మొదటి ఆల్బమ్‌లో మళ్ళీ పాడారు. పంక్ పాటల్లో పొడవైనది, ఆరు నిమిషాలు. 1981 ఏప్రిల్ 20న ఇదే ఊళ్ళో, ఇలాంటి సంత సోమవారమే, సభకు వచ్చిన మనవాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో పదమూడు మంది. గూడేల లెక్క వేరు. ఫోనుకు ఇవేవీ తెలియవు. అది ఊరికే ఒక పాట తీసింది. బస్సు కదిలాక కూడా నేను ఆ పాటను మార్చలేకపోయాను.

ఇంకో పాట సంగతి చెప్పాలి. అది పంక్ కాదు, అల్లుడు ఎందుకు పెట్టుకున్నాడో తెలియదు. యోతు యిండి అనే ఆస్ట్రేలియా బృందం 1991లో పాడిన 'ట్రీటీ'. ఆదివాసులతో ఒప్పందం చేసుకుంటామని 1988లో అక్కడి ప్రధాని మాటిచ్చాడు. ఆ మాట నిలవలేదు. దాని మీద కట్టిన పాట. కొంత ఇంగ్లీషు, కొంత వాళ్ళ యోల్ఙు భాష. అర్థం కాని ఆ భాష వచ్చినచోటే నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ గాయకుడు మందవుయ్ యునుపింగు బడిపంతులు. తన సొంత ఊరు యిర్కలాలో హెడ్మాస్టరుగా పనిచేశాడు. రెండు చదువులూ, అంటే తమ చదువూ తెల్లవాళ్ళ చదువూ, ఒకే బడిలో పక్కపక్కన నడవాలని పట్టుబట్టినవాడు.

ఆ సాయంత్రం నాకు బస్సులో నిద్ర రాలేదు. డి.ఎడ్.లో 'మాతృభాషలో బోధన' మీద నేను మూడు పేజీల జవాబు రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పిల్లలతో ఎక్కువసార్లు అన్న మాట మాత్రం "తెలుగులో చెప్పు". నాది గోండి ఇల్లు. మూడో తరగతిలో నాతో కూడా ఎవరో ఇదే మాట అన్నారు. నాలుగు వందల పాటల్లో గోండి పాట ఒక్కటీ లేదని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

గూడెంలో ఒక ప్రధాన్ పెద్దాయన ఉన్నాడు. కిక్రీ వాయిస్తాడు. దానికి తీగలు మూడే. ఆదివారం పోయి రామ్ రామ్ చెప్పి, దేవుళ్ళ కథ పాడితే ఫోనులో ఎక్కించుకుంటానన్నాను. ఎందుకన్నాడు. బస్సులో వింటానన్నాను. షఫుల్ అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ కథ మొదలుపెడితే నడుమ ఆపొద్దు సారూ. నీ బస్సు ఆగుతది కదా" అన్నాడు.

ఆయన మాటే సరైనదని నాకనిపించింది. అన్నిటినీ ముక్కలు చేసి కలిపేయడానికి లేదు. మళ్ళీ ఆయనే నా మొహం చూసి, వేరే పాటొకటి వాయించి పాడాడు. తొమ్మిది నిమిషాలు. నడుమ ఒక బండి పోయిన చప్పుడు, ఆయన దగ్గు, రెండుసార్లు కోడికూత. ఏదీ తీసేయలేదు. రామోన్స్ రికార్డింగు కూడా అంత నున్నగా ఏమీ ఉండదు.

మర్నాడు మూడో తరగతిలో ఫోను బల్ల మీద పెట్టి ఆ పాట వినిపించాను. "తెలుగులో చెప్పు" అనలేదు. ఏమీ అడగలేదు. చివరి వరసలో ఒక పిల్ల ఉంది, జూన్ నుంచి హాజరుకు తప్ప నోరు తెరవనిది. కోడి కూసిన చోట లేచి నిలబడి, గోండిలో గట్టిగా అంది, ఆ కోడి మాదే అని.