అమ్మీతో బెల్లంపల్లి



"ఒక్కసారి బెల్లంపల్లి చూపియ్ బేటా" అని అమ్మీ రెండేళ్లుగా అడుగుతోంది. మొన్న చలికాలం సెలవుల్లో తీరిక దొరికింది, అల్హందులిల్లాహ్. పెద్దపల్లిలో రైలెక్కాం. గోదావరి దాటితే మంచిర్యాల, మందమర్రి, ఆ తర్వాత బెల్లంపల్లి.

దారిలో నా కొడుక్కి బొగ్గు కిస్సా చెప్పాను. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరొచ్చింది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. 1945లో నిజాం హుకూమత్ కంపెనీని కొనేసింది. వాడు సగం విన్నాడు. మా అబ్బా ఫిల్లరు, తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపేవాడు అంటే మాత్రం "దాదా చేతులతోనా?" అని కళ్లు పెద్దవి చేశాడు.

మేమున్న క్వార్టర్‌లో ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. అమ్మీ గడప పట్టుకుని "ఇధరిచ్ ఖడీ రహ్తీ థీ" అంది. రాత్రి షిఫ్టు దిగే సైరన్ కూయగానే అక్కడ నిలబడేదట. అబ్బా రాగానే వేడినీళ్లు, ఒక బెల్లం ముక్క. బెల్లం తింటే గొంతులో బొగ్గు దుమ్ము దిగుతుందని అప్పటివాళ్ల యకీన్. ఆ ఇంటి కోడలు చాయ్ ఇచ్చింది. ఆమె భర్తదీ రాత్రి షిఫ్టే. "వచ్చేటాలకు నీళ్లు కాగబెట్టు బిడ్డా" అంది అమ్మీ. "గీజరున్నది పెద్దమ్మా" అని నవ్విందామె.

మధ్యాహ్నం ఆటోలో గాంధారి ఖిల్లాకు వెళ్లాం. బొక్కలగుట్ట పక్కన, అడవిలో. నాయకపోడులు ఏటా మైసమ్మ జాతర చేసే చోటు. మావాడు కోతిపిల్లలా గుట్టెక్కాడు. నిజానికి వాడికి నచ్చింది అదొక్కటే. అమ్మీ కింద చెట్టు నీడన కూర్చుంది. తస్బీహ్ తిప్పుతోంది గానీ, మనసు ఇంకెక్కడో ఉంది.

అసర్ తర్వాత ఖబరస్తాన్‌కి తీసుకెళ్లమంది. ఎందుకో అప్పుడు చెప్పింది. నాకంటే ముందు ఒక అన్న పుట్టాడట. ఎనిమిది నెలలకే జ్వరంతో పోయాడు. అబ్బా అప్పుడు బాయిలో ఉన్నాడు. కబురు కిందికి వెళ్లి, ఆయన పైకొచ్చేసరికి చాలా సేపైంది. వజూ చేసినా గోళ్లలో బొగ్గు పోలేదట. ఆ చేతులతోనే బిడ్డను ఖబర్‌లో దించాడు. నలభై ఏళ్లు దాటిన నాకు ఈ మాట ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మా ఇళ్లలో ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి పోరు. అమ్మీ గేటు దగ్గరే ఆగి చెయ్యి చాపింది: "ఆ గోడ వైపు. చింతచెట్టు కింద."

చింతచెట్టు లేదు. కచ్చా ఖబర్‌లన్నీ నేలలో కలిసిపోయాయి, మోకాలెత్తు గడ్డి. గోడ వెంట రెండుసార్లు తిరిగాను. చివరికి ఒకచోట నిలబడి ఫాతెహా చదివాను. చేతులు వణికాయి.

"దొరికిందా?" అంది అమ్మీ.

"దొరికింది."

"ఎంతుందిరా?"

"చిన్నగా ఉంది అమ్మీ" అన్నాను.

తల ఊపి, దుపట్టాతో ముఖం తుడుచుకుంది. రైలుకు ఇంకా గంట టైముంది. మావాడు ఆకలి అన్నాడు, సమోసాలు కొన్నాం.