ఐ5 తర్వాతి అంకె

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసి కాలేజీల్లో సీట్లు ఖరారయ్యే రోజుల్లో హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఇళ్లల్లో ఇంకో లెక్క మొదలవుతుంది. ఫీజు కట్టారు, బస్ పాస్ తీశారు, ఇక కంప్యూటర్ కావాలి. కొత్త ల్యాప్‌టాప్ ధర అందదు. పారిశ్రామికవాడలో పనిచేసే తండ్రి, ఇంట్లో బట్టలు కుట్టే తల్లి కలిసి కూడబెట్టగలిగేది ఏ ఇరవై వేలో. ఆ డబ్బు మళ్లీ మళ్లీ రాదు. పనికిరాని మిషన్ మీద పెడితే పిల్లవాడు నాలుగేళ్లూ దానితోనే అవస్థ పడాలి.

కంప్యూటర్ ఈ దిక్కుకు కొత్తేమీ కాదు. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా కొద్ది దూరం వెళ్తే వచ్చే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది. రెండేళ్లకే, 1969లో, అణుశక్తి శాస్త్రవేత్తలు రూపొందించిన టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. అలాంటి యంత్రాలు ప్రయోగశాలలకే పరిమితం. మామూలు ఇళ్లకు అందాలన్న పట్టుదలతో 2005లో హెచ్‌సీఎల్ 9,990 రూపాయలకు ఒక డెస్క్‌టాప్ తెచ్చింది. ఇప్పుడు ఆ కోరిక తీరుస్తున్నది ఎక్కువగా ఆఫీసుల నుంచి వచ్చే పాత మిషన్లే.

దుకాణంలోకి వెళ్లగానే వినిపించేది, “ఐ7 ఉందన్నా, ఫుల్ సెట్ ఇస్తాం” అనే మాట. ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ3 కంటే ఐ5, దానికంటే ఐ7 గొప్పవన్న నమ్మకం అందరిలోనూ ఉంది. ఒకే తరం ప్రాసెసర్ల మధ్య అది నిజమే. కానీ ఐ7-3770 వచ్చింది 2012లో. పదేళ్ల తర్వాత వచ్చిన ఐ3-12100 దాన్ని సులువుగా దాటిపోతుంది. ఐ5-7500లో కోర్లు నాలుగు, ఐ5-8500లో ఆరు. రెంటి పేరూ ఐ5. గీత తర్వాత వచ్చే అంకె, ఐదంకెల నంబరైతే మొదటి రెండంకెలు, ప్రాసెసర్ ఏ తరానిదో చెబుతుంది. బేరం మొదలుపెట్టక ముందే అడగాల్సింది ఆ అంకె.

ఇప్పుడు దానికి మరింత విలువ పెరిగింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైవే అర్హం. ఆరో, ఏడో తరాలకు దాదాపుగా తలుపు మూసేసినట్టే. ఆఫీసులు అలాంటి మిషన్లను వదిలించుకుంటున్నాయి. డెల్ ఆప్టిప్లెక్స్ 3050, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ3, లెనోవో థింక్‌సెంటర్ ఎం710 ఈ కోవలోవి. చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి, ధర ఆశపెడుతుంది. వాటి తర్వాతి మోడళ్లైన 3060, జీ4, ఎం720 ఎనిమిదో తరంవి. కొంత డబ్బు ఎక్కువైనా ఇంజినీరింగ్ విద్యార్థికి ఇవే సరైనవి. ఏదో సాఫ్ట్‌వేర్‌తో నిబంధనను దాటించి విండోస్ 11 వేసిస్తామని దుకాణదారు అన్నా ఒప్పుకోవద్దు. రేపు అప్‌డేట్ ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

పాతవి ఎందుకూ పనికిరావని కాదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కొట్టే డీటీపీ షాపుకు, నెట్‌తో పనిలేకపోతే, ఏడో తరం చాలు. లైనక్స్ నేర్చుకుంటానన్న పిల్లవాడికైతే అదే మిషన్ కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లైనక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఎంతో పనిచేసింది.

అసలు దూరంగా ఉండాల్సింది అద్దాల తలుపు, రంగుల లైట్లతో మెరిసే కొత్త క్యాబినెట్లకు. వాటిలో కొన్నింటి లోపల మూడో తరం ప్రాసెసర్, 2011 నాటి హెచ్61 చిప్‌సెట్ బోర్డు ఉంటాయి. డబ్బా మాత్రమే కొత్తది. ఆఫీసు డెస్క్‌టాప్ నల్లగా, మొద్దుగా ఉన్నా నాణ్యమైన పవర్ సప్లైతో వస్తుంది. అయితే దానికీ ఓ ఇబ్బంది ఉంది. చిన్న సైజు ఆప్టిప్లెక్స్ పవర్ సప్లై ఆకారం, కనెక్టర్లు డెల్ సొంతం. బజారులో దొరికే మామూలుది అందులో పట్టదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టాలన్నా పొట్టి రకమే. గేమ్స్ మీద మనసున్న పిల్లలకు ఈ సంగతి కొనకముందే చెప్పాలి.

ర్యామ్ గురించి పాత సలహా ఒకటుంది: ఇప్పటికి 8 జీబీ తీసుకో, తర్వాత పెంచుకుందువు. ఇన్నేళ్లూ అది మంచి మాటే. కానీ ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొనడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగిశాయి. హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉన్న మైక్రాన్, మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం మానేస్తున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ఆటోక్యాడ్ కావాల్సిన సివిల్ విద్యార్థి, 16 జీబీ ఉన్న మిషన్ అందుబాటు ధరలో దొరికితే అప్పుడే తీసుకోవడం మేలు. హార్డ్ డిస్క్ బదులు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండటం తప్పనిసరి. ఇందులో రాజీ పడితే మిగతాదంతా వృథా.

మిషన్ ధరే మొత్తం ఖర్చు అనుకుంటే చిక్కే. చాలా ఆఫీసు మిషన్లలో వైఫై ఉండదు, డాంగిల్ కొనాలి. కెమెరా ఉండదు. కొన్నింటికి హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, దానికో కన్వర్టర్. గాలివానకు కరెంటు పోయే వీధుల్లో యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ నడపడం చదువును పణంగా పెట్టడమే. వీటన్నిటికీ ముందే డబ్బు పక్కన పెట్టి, మిగిలినదే మిషన్‌కు.

ఉప్పల్‌లో నచ్చకపోతే మెట్రో నీలి లైన్ ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే చాలు, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే. రెండు మూడు చోట్ల అడగాలి, మిషన్ ఆన్ చేయించి చూడాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో, ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చెబుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ డిజిటల్ లైసెన్స్‌తో అయిందా లేదా చూసుకోవాలి. బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలి ఉందేమో కూడా అక్కడే తేల్చుకోవాలి.

డెల్ అయితే డబ్బా మీద సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. దాన్ని డెల్ వెబ్‌సైట్‌లో కొడితే మిషన్ ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయల్దేరిందో, అప్పుడు లోపల ఏముందో తెలుస్తుంది. దుకాణదారు చెప్పినదానికీ దానికీ తేడా ఉంటే కారణం అడగాలి. ఎస్‌ఎస్‌డీ మార్చారంటే సబబే, ప్రాసెసర్ మారిందంటే ఆలోచించాలి. బేరం కుదిరాక ఆ ట్యాగ్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో జీఎస్టీ బిల్లు మీదే రాయించుకోవాలి. విడి చీటీ మీద రాసిస్తామంటే పక్క దుకాణానికి వెళ్లడమే.